మోతగాడి కూనిరాగం

ఫిబ్రవరి 4

ఇవాళ మోతగాడు వంతెన వదిలేశాడు.

మూడు సినిమాలుగా పట్టుకున్నది వదలని మా హీరో నాలుగో సినిమాలో వదిలేశాడు. కింద శత్రువులు. ఎడిటర్ బొమ్మ ఆపి ఆపి లెక్కపెట్టింది, నూట పద్నాలుగు మంది. వదిలేసి చేతులు దులుపుకుని కెమెరా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు దగ్గర డైరెక్టర్ నా భుజం తట్టాడు.

"ఇక్కడ మన రాగం, టేపూ. దంచెయ్."

ఇరవై ఏళ్ళ కిందట టేపు యంత్రాల మీద పని నేర్చుకుని వచ్చాను కాబట్టి ఇక్కడ నా పేరు టేపు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎవరికీ తెలియదు.

వేశాను. ఆ కూనిరాగం మొదలవగానే గదిలో నలుగురూ ముందుకు వంగారు. మనుషులు రాళ్ళ కింద నలుగుతుంటే పైన ఒక ఆడమనిషి గొంతు, పెదవులు మూసుకుని, మ్మ్ మ్మ్ అంటూ. డైరెక్టర్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం భోజనం సయించలేదు. క్యాంటీన్‌లో నీళ్ళు తాగాను. నీళ్ళు కూడా జిడ్డుగా ఉన్నాయి.

ఫిబ్రవరి 5

అదే సీను. పద్దెనిమిది సార్లు.

ఫిబ్రవరి 9

ఇవాళ పని లేదు. అక్కకు ఎప్పుడైనా చెప్పాల్సి వస్తే ఎలా చెప్పాలో రాసి పెట్టుకుంటే మంచిది. చెప్పాల్సిన అవసరం రాదు. అయినా.

అక్కా, సినిమా తీశాక ముందు ముక్కలన్నీ అతుకుతారు. అప్పటికి సంగీతం ఉండదు. ఉత్త బొమ్మ చూస్తే ఎవరికైనా నిద్ర ముంచుకొస్తుంది. అందుకని నాలాంటివాడు కింద ఏదో ఒక సంగీతం తెచ్చి పరుస్తాడు. అరువుది. మేం దాన్ని టెంప్ అంటాం. సంగీత దర్శకుడు అసలుది చేసి తెచ్చాక దీన్ని తీసి పారేస్తాం. ఇల్లు కట్టేటప్పుడు కర్రలతో పరంజా కడతారు చూడు, గోడ లేచాక ఊడదీస్తారు, అలాంటిది.

అయితే ఆరు నెలలు రోజూ అదే విన్న చెవికి ఇంకేదీ రుచించదు. ఎంత గొప్పది తెచ్చి వినిపించినా డైరెక్టర్ ఏదో తగ్గిందంటాడు. పరంజాకే సున్నం కొట్టి ఇల్లు అనుకుంటాడు. మా పనిలో అందరికీ తెలిసిన పొరపాటు ఇది, అందరూ చేస్తారు.

మొదటి సినిమా అప్పుడు కొత్త రికార్డరు కొనుక్కుని నీ దగ్గరికి వచ్చాను గుర్తుందా? పాకలో గడ్డి వేసే గాడి మీద పెట్టి నొక్కాను. నువ్వు ఎర్రావు దగ్గర కూర్చుని ఉన్నావు. అది పాలు చేపేదాకా కూనిరాగం తీయడం నీకు అలవాటు. మాటలుండవు. అమ్మ దగ్గర నేర్చుకున్నది కూడా కాదు, నీదే. పదకొండు నిమిషాలు పట్టింది. రికార్డరు పనిచేస్తుందో లేదో చూద్దామని, అంతే.

ఆ సినిమాలో మోతగాడికి కొట్టడం రాదు. మొయ్యడమే వచ్చు. సొరంగం కూలుతుంది, లోపల కూలీలు ఉంటారు, వాళ్ళు ఒక్కొక్కరే పాక్కుంటూ బయటికి వచ్చేదాకా కొండను భుజాన పెట్టుకుని నిలబడతాడు. ఆ చోట వెయ్యడానికి ఏమీ దొరక్క నీది వేశాను. ఒక్క పూటకి.

సంగీత దర్శకుడు మూడుసార్లు వేరే చేసి తెచ్చాడు. మూడుసార్లూ డైరెక్టర్ వద్దన్నాడు. ఈ గొంతు ఎవరిదని అడిగాడు. పాతది సార్, ఎక్కడో దొరికింది అన్నాను. పాక, పేడ, గొడ్డు అని ఆ ఏసీ గదిలో చెప్పడానికి సిగ్గేసింది. తెర మీద ఆ రాగం సంగీత దర్శకుడి పేరుతోనే పడింది.

ఆ రాగం కింద వినిపించే చప్పుడు మోతగాడి గుండె కొట్టుకోవడం అనుకుంటారు జనం. దాని మీద వ్యాసాలు కూడా రాశారు. అది నీ రేకు బకెట్టులో పాలధార. రెండు చేతులు కాబట్టి రెండు దెబ్బలు.

ఇంత పొడుగు అక్కర్లేదు. నీది తీసుకున్నాను, నీకు చెప్పలేదు అంటే సరిపోతుంది.

ఫిబ్రవరి 13

అక్క ఫోన్ చేసింది.

"ఏరా, బతికే ఉన్నావా?"

"ఉన్నానక్కా."

"ఏమో మరి, నేను చేస్తే గాని తెలియదుగా. ఆవు ఎగచేపుతోందిరా."

"ఎర్రావా?"

"అదెప్పుడో పోయింది. దాని కూతురు. నెలరోజుల్నుంచి ఇదే వరస. పొదుగు నిండా పాలుంటాయి, పైకి లాక్కుంటుందేగాని కిందికి వదలదు. నేను రాగం మొదలుపెట్టగానే వెనక కాలు లేస్తోంది. మొన్న బకెట్టు తన్నేసింది. పశువుల డాక్టరు చూసి జబ్బేమీ లేదు, దేనికో బెదిరింది అన్నాడు."

వెనక నుంచి బావ గొంతు. "ఎండిపోతే అమ్మేద్దాం. గోల వదులుతుంది."

"ముందు నిన్ను అమ్మితే సగం గోల వదులుతుంది, కొనేవాడు దొరకాలిగా," అని ఆయన్ని కసిరి మళ్ళీ నాతో, "అది దేనికి బెదిరిందో నాకు తెలుసురా. మీ బావ ఫోన్‌లో మోగే పాట ఉందే, మీ సినిమాది? అది పాకలో మోగితే ఆవు ముందు చెవులు వాల్చి మెత్తబడుతోంది. ఆ వెంటనే డ్రమ్ములు పడతాయి చూడు, అప్పుడు తన్నుతోంది. రోజుకు పదిసార్లు మోగుతుంది ఆ దిక్కుమాలిన ఫోను. ఇప్పుడు నేను నోరు తెరిస్తే చాలు, వెనకాలే డ్రమ్ములొస్తాయని దానికి తెలిసిపోయింది."

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"వింటున్నావా? ఇంకోటి. పాల కేంద్రంలో నన్ను చూసి నవ్వుతున్నారు. ఈ వయసులో సినిమా పాట పాడి పాలు పితుకుతోంది చూడమని. ఇది నేను ఎప్పట్నుంచో తీసేదే అంటే, అవునమ్మా, సినిమావాళ్ళే నీ పాకకొచ్చి నేర్చుకుని పోయారు అంటున్నారు. నాకే అనుమానమొస్తోందిరా. ఎక్కడన్నా విన్నానా ఏమిటి? నువ్వు అందులోనే ఉన్నావుగా. ముందొచ్చింది ఏది, ఆ పాటా, నేనా?"

"ఏమోనక్కా. ఇలాంటి రాగాలు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి."

"అంతేనంటావా?"

"అంతే."

"సరేలే. తిన్నావా?"

తిన్నానన్నాను. తేలు కుట్టిన దొంగలా ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఫిబ్రవరి 14

అన్నిచోట్లా ఉండవు.

ఫిబ్రవరి 17

డైరెక్టర్ అందరికీ తలో బొమ్మ పంచాడు. మోతగాడి బొమ్మ, జానెడు. పొట్ట నొక్కితే కూనిరాగం వస్తుంది, గట్టిగా నొక్కితే డ్రమ్ములొస్తాయి. నాలుగో సినిమాతో పాటు దుకాణాల్లోకి వస్తుందట. ఎడిటర్ తన బల్ల మీద పెట్టుకుని అలిసినప్పుడల్లా దాని పొట్ట మీద బొటనవేలితో పొడుస్తోంది.

"ఏంటి టేపన్నా, అలా చూస్తావు? నీ సొమ్మేమన్నా పోయిందా?"

"నొక్కకమ్మా."

"దీనికేం నొప్పా?"

నా బొమ్మ ఇంటికి తెచ్చి వెనక మూత విప్పి బ్యాటరీ తీసేశాను. ఇప్పుడు పొట్ట నొక్కితే ప్లాస్టిక్ మూలుగుతోంది. ఆ డ్రమ్ముల కంటే ఇదే బాగుంది.

ఫిబ్రవరి 20

సంగీత దర్శకుడు వచ్చాడు. ఆయన కంటే నిమిషం ముందు సెంటు వాసన వచ్చింది.

"టేపూ, ఆ పాత రికార్డింగ్ మొత్తం నీ దగ్గరుందా? మేం వాడింది రెండున్నర నిమిషాలే. మిగతాది కావాలి. ఆ గొంతు కంప్యూటర్‌కు నేర్పి నలభై మంది పాడినట్టు చేస్తాను. వంతెన సీనుకు కోరస్."

"లేదండి."

"ఉండకపోవడమేంటి? చెదలు తిన్న టేపు కూడా దాచే రకం నువ్వు."

"వెతుకుతాను."

ఎడిటర్ తల తిప్పకుండానే అంది, "ఆ పాడినావిడెవరో కనుక్కుని పిలిస్తే పోలేదా? కంప్యూటర్ ఎందుకు?"

"ఎవరని పిలుస్తావమ్మా? ఎప్పటిదో, ఎక్కడిదో. ఇలాంటివాటికి మనిషంటూ ఎవరూ ఉండరు."

ఆ మనిషి నిన్ననే ఫోన్ చేసి, చలి ఇంకా పోలేదు, స్వెట్టర్ లోపల పెట్టెయ్యకు అని చెప్పింది.

పోతూ పోతూ, "మూడో సినిమాలో నేను డ్రమ్ములు పెట్టాను కాబట్టి ఈ సిరీస్ నిలబడింది" అన్నాడు. డైరెక్టర్ తలూపాడు. నేనూ ఊపాను. ఆయన పెట్టాడనే అందరూ అంటారు. ఎవరు పెట్టారో నాకు సరిగ్గా గుర్తు లేదు.

ఫిబ్రవరి 26

సెలవు పెట్టి మూడు సినిమాలూ వరసగా చూశాను. పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది.

మొదటిదాంట్లో సొరంగం సీను రెండున్నర నిమిషాలు. కింద అక్క గొంతు ఒక్కటే. దానికి తాళం లేదు, ఎక్కడ కత్తిరించాలో చెప్పదు. అందుకని ఎడిటర్ అక్క ఊపిరి తీసుకునే చోటల్లా కత్తిరించింది. బొమ్మ కూడా ఊపిరి తీసుకుని వదిలినట్టు నడుస్తుంది. మోతగాడు కదలడు, చెమట కారుతుంది, ఎవరినీ చూడడు. అతను మంచివాడని స్క్రిప్టులో ఎక్కడా రాసి లేదు. అక్క ఊపిరి వల్ల మంచివాడయ్యాడు. చూసినవాళ్ళంతా అతన్ని సొంత అన్నలా చెప్పుకున్నారు.

రెండోదాంట్లో అదే రాగం, కింద అరవై వయొలిన్లు. కథ మారలేదు, అందులోనూ మొయ్యడమే. కాని ఎత్తేముందు ఇప్పుడు ఆగుతాడు. ఆకాశం వైపు చూస్తాడు. వయొలిన్లు పైకి లేచేదాకా కాచుకుని, అవి లేచాక తను ఎత్తుతాడు. వెనక అంగీ ఎగురుతుంది. వయొలిన్లు వచ్చాక అతనికి తను గొప్పవాడినని తెలిసింది. అక్కడే నాకు ఒళ్ళు జలదరించాల్సింది. అప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను.

మూడోదాంట్లో డ్రమ్ములు. డ్రమ్ముకు దెబ్బ ఉంది. దెబ్బ ఉంటే ఎడిటర్ దెబ్బ దెబ్బకీ కత్తిరించాలి, లేకపోతే బొమ్మ వెనకబడినట్టు ఉంటుంది. అరక్షణానికి ఒక ముక్క. అరక్షణంలో మనిషి దేన్నీ మొయ్యలేడు. మొయ్యాలంటే ఆగాలి. ఆగడానికి జాగా లేదు. అప్పుడు చెయ్యి ఏం చేస్తుంది? కొడుతుంది. ముందు గోడను కొట్టాడు, తర్వాత కారును, తర్వాత ఒక మనిషిని. ఆ కొట్టడానికి కారణాలు తర్వాత రాయించారు. శత్రువు కూడా తర్వాతే పుట్టాడు.

ఇతన్ని హంతకుణ్ణి చేద్దామని ఎవరూ కూర్చుని అనుకోలేదు. డ్రమ్ము పడ్డాక చెయ్యి ఊరుకోలేదు, అంతే. ఇప్పుడు నాలుగోదాంట్లో నూట పద్నాలుగు మంది.

మనుషులూ ఆవు లాంటివాళ్ళే. రాగం వినగానే చెవులు వాలుస్తారు. తేడా ఏమిటంటే డ్రమ్ములు పడ్డాక ఆవు తన్నింది.

ఆ డ్రమ్ములు పెట్టినవాడెవడో గాని

మార్చి 1

నేనే.

మూడో సినిమా మొదటి కూర్పు చూస్తూ డైరెక్టర్ ఆవలించాడు. రెండుసార్లు. నాకు భయమేసింది. ఆయన భోజనానికి వెళ్ళొచ్చేలోపు ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద డ్రమ్ములు ఏరి అక్క గొంతు కింద పరిచాను. ఒక్క పూటకి. ఆయన లేచి కూర్చున్నాడు. "టేపూ, బంగారం" అన్నాడు. నెల తిరిగాక సంగీత దర్శకుడు ఆ డ్రమ్ముల్నే మళ్ళీ వాయించి తెచ్చాడు.

ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి డైరెక్టర్ మెచ్చుకున్నాడని చెప్పాను. ఎందుకురా అంది. పని బాగా చేశానని చెప్పాను. మా తమ్ముడే అని మురిసిపోయింది.

గుర్తు లేదట నాకు.

మార్చి 2

బావకు ఫోన్ చేసి ఆ పాట తీసి మామూలు గంట పెట్టుకోమన్నాను. అదేంటి బామ్మర్దీ, నీ సినిమా అనే పెట్టుకున్నాను అన్నాడు. నీ కోసం కాదు, ఆవు కోసం అన్నాను. పెట్టుకున్నాడు.

అక్క ఫోన్ లాక్కుని, "ఇప్పుడు మార్చి ఏం లాభంరా, అది ఎక్కాల్సింది దాని తలకెక్కింది" అంది. రాగం తియ్యకుండా చూస్తోందట. తియ్యకపోతే ఆవు దుంగలా నిలబడుతోంది, తీస్తే తన్నుతోంది. దూడ గడ్డి మరిగింది, పాల కోసం రాదు. పొదుగులో ఒక పక్క గట్టిపడుతోంది. బావ బేరగాడికి కబురు పెట్టాడు. వచ్చే నెల ఏడో తారీకున వస్తాడు.

"వాడు ఎక్కడికి తోలుకుపోతాడో తెలుసుగా," అంది అక్క. "ఎండిన ఆవును ఎవడూ మేపడు."

మార్చి 3

వంతెన సీను కింద ఏమీ వెయ్యకుండా పెట్టాను. ఉత్త బొమ్మ, రాళ్ళ చప్పుడు, అంతే.

"రాగం ఏదీ?" అన్నాడు డైరెక్టర్.

"ఫైలు పాడైంది సార్. బాగుచేస్తున్నాను."

అక్కది ఈ సినిమాలోంచి బయటికి లాగాలి. వాదించి గెలవలేను. మాకు తెలిసిన జబ్బు ఒక్కటే, అలవాటు. దాన్నే అంటించాలి.

మార్చి 4

"రాగం ఏదీ?"

మార్చి 5

"రాగం ఏదీ?" కొంచెం చిన్నగా.

మార్చి 9

అడగలేదు.

మార్చి 16

ఇవాళ ఆ సీను వచ్చినప్పుడు ముందుకు వంగాడు. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎడిటర్ నా వైపు చూసింది. నేను కీబోర్డు తుడుస్తున్నాను.

అక్క మూడు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. బావ ఎత్తి, పాకలో ఉంది అని పెట్టేస్తున్నాడు.

మార్చి 27

సంగీత దర్శకుడు కోరస్ తెచ్చాడు. మొత్తం రికార్డింగ్ నేను ఇవ్వలేదు. ఉన్న రెండున్నర నిమిషాలతోనే చేయించాడు.

విన్నాను. నలభై మంది అక్కలు. ఒక్కరికీ ఊపిరి లేదు. మధ్యలో ఊపిరి తీసుకునే చప్పుళ్ళన్నీ మురికి అనుకుని తుడిచేశారు. పాలధార కూడా లేదు, దాని చోట డ్రమ్ములు. శవం మొహానికి పౌడరు రాసినట్టుంది. లేచి వెళ్ళి ఉమ్మి వచ్చాను.

వచ్చేసరికి డైరెక్టర్ చెవులు రుద్దుకుంటున్నాడు.

"ఏదో అడ్డొస్తోంది."

"ఏం అడ్డొస్తోంది? మూడు సినిమాలుగా ఇదే కదా నీకు కావాల్సింది!"

"అదే. పాతబడింది. ఈ సినిమాలో ఇది వద్దు. ఎక్కడా వద్దు."

సంగీత దర్శకుడు నా వైపు వేలు చూపించాడు. "నీ చెవి ఈ టేపుగాడు పాడుచేశాడు! నెలరోజులు ఉత్త బొమ్మ చూపించి చూపించి!"

నిజమే. ఆ గదిలో ఇవాళ వినిపించిన నిజం అదొక్కటే.

ఆయన తలుపు ధడాలున వేసి పోయాడు. అక్కది బయటికి వచ్చేసింది. ఒక నిమిషం, కచ్చితంగా ఒక్క నిమిషం, నాకు ప్రాణం తేలికపడింది.

తర్వాత డైరెక్టర్ కుర్చీ నా వైపు తిప్పాడు.

"టేపూ, సంగీతం లేకుండా ఎంత బాగుందో చూడు! నిజంగా పక్కనే జరుగుతున్నట్టుంది. ఎముకలు విరిగే చప్పుడు కూడా కావాలి. దగ్గరగా, ఒక్కొక్కటీ. ఇంకో నిమిషం పొడిగించండి. నూట పద్నాలుగు ఏం సరిపోతారు, రెండొందలు చెయ్యండి."

ఎడిటర్ బొమ్మ ఆపింది. నా వైపు తిరిగింది.

"నీకు కావలసింది ఇదేనా, టేపన్నా?"

మార్చి 28

ఎముకలు విరిగే చప్పుడు కోసం క్యారెట్లు, పచ్చి కొమ్మలు తెప్పించారు. తడిగుడ్డలో చుట్టి మైకు ముందు విరవాలి. నలుగురి చేత విరిపించి చూసి, డైరెక్టర్ ఎవరిదీ బాగాలేదన్నాడు.

నేను విరిచాను. రెండొందలు.

సాయంత్రం చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను. పచ్చి వాసన పోలేదు.

ఏప్రిల్ 3

చెవి పాడుచేశానని డైరెక్టర్ నా జీతం తగ్గించలేదు. పెంచుతాడట. మొహం మీద ఉమ్మేసినట్టుంది. థాంక్స్ సార్ అన్నాను.

ఏప్రిల్ 6

అక్క ఇంట్లో రాస్తున్నాను. బస్సు దిగేసరికి నాలుగయింది.

బావ గేటు దగ్గరే కనిపించి, రేపు బేరగాడు వస్తున్నాడు, నువ్వు ఆవిడకేమైనా చెప్పి పుణ్యం కట్టుకో అన్నాడు. ఆయన జేబులో ఫోను మామూలు గంట కొట్టింది.

అక్క పాకలో ఉంది. చిక్కింది. ఆవు కూడా. చిన్న పీట మీద కూర్చుని గోరువెచ్చటి నీళ్ళతో పొదుగు తుడుస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"వచ్చావా? ఆ తోక పట్టుకో. మొహాన కొడుతోంది."

సంచి కింద పెట్టి తోక పట్టుకున్నాను. చిన్నప్పట్నుంచీ నా పని అదే. అక్క రెండు చేతులూ వేసి లాగింది. చుక్క రాలేదు. మళ్ళీ లాగింది. ఆవు చర్మం ఒక్కసారి వణికింది, అంతే.

దారంతా అనుకున్నది, డైరీలో రాసి పెట్టుకున్నది ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"అక్కా, ముందొచ్చింది నువ్వే."

"ఏంటది?"

"ఆ రాగం. నీదే. నేనే తీసుకెళ్ళాను. కొత్త రికార్డరు తెచ్చి గాడి మీద పెట్టాను చూడు, అప్పుడు."

అక్క చేతులు ఆగాయి. ఆవు తల తిప్పి చూసింది.

"ఆ సినిమాలో గొంతు నాదా?"

"నీదే. గుండె చప్పుడు అంటారు చూడు, అది ఈ బకెట్టు."

"మరి ఆ డ్రమ్ములు?"

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆమెకు తెలిసే దారి లేదు.

"అవీ నేనే."

"ఎందుకురా?"

"ఆయన ఆవలించాడక్కా."

అక్క కాసేపు ఆవు పొట్టకు తల ఆనించి ఉంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవలేదు. తిట్టడం మొదలుపెట్టింది.

ఆవు దగ్గర గొంతు పెంచకూడదు. ఆ సంగతి కోపంలో కూడా మరిచిపోలేదు. అందుకని మెల్లగా, ఒకే వరసన, ఎక్కడా ఆగకుండా తిట్టింది.

"దొంగ వెధవా. కడుపులో దాచుకున్న దొంగ వెధవా. ఆవలించాడా? ఆవలిస్తే ఈగ పోతుంది నోట్లోకి, నీ అక్క గొంతు పోవాలా? అడిగితే ఇవ్వనా? పదకొండు నిమిషాలేంటి, పొద్దస్తమానం తీసేదాన్ని. అక్కా, ఇది కావాలి అనడానికి నీ నాలుక మీద ఏం మొలిచిందిరా? పేడ వాసనకు సిగ్గేసిందా? ఆ పేడ ఎత్తిన చేత్తోనే కదరా నీకు అన్నం పెట్టింది. పాల కేంద్రంలో నలుగురూ నవ్వుతుంటే నాది కాదేమోనని నన్ను నేను అనుమానించుకున్నాను. పిచ్చిదానిలా నిన్నే అడిగాను. అన్నిచోట్లా ఉంటాయన్నావు. ఏ చోట ఉంటాయిరా? చూపించు, పద, బస్సెక్కి పోదాం, ఆ చోటేదో చూపించు..."

ఆవు చెవులు వాలాయి.

ముందు ఒక సన్న ధార రేకుకు తగిలి గణగణమంది. తర్వాత రెండోది. అక్క చేతులు వాటంతటవే అందుకున్నాయి. అక్క నా వైపు చూడలేదు. ఆపితే ఆవు ఆపేస్తుందని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. అందుకని తిట్టడం ఆపలేదు. ఈ తప్పుకు తిట్లు అయిపోయాక నా చిన్నప్పటి తప్పులకు వెళ్ళింది. పోగొట్టిన గొడుగు, విరగ్గొట్టిన ఆమె దువ్వెన, జ్వరమని బడి ఎగ్గొట్టిన రోజులు. అవీ అయిపోయాక డైరెక్టరును తిట్టింది, చూడని సంగీత దర్శకుణ్ణి తిట్టింది. ఆ తర్వాత బావ మీదికి వచ్చింది.

బావ తలుపు దగ్గర్నుంచి తొంగి చూశాడు. బకెట్టు చూసి నోరు తెరిచాడు.

"మధ్యలో నన్నెందుకే? సరే గాని, బేరగాణ్ణి రావద్దని చెప్పనా?"

"ఇంకా అడుగుతున్నావా? పో, చెప్పి తగలడు," అంది అక్క, గొంతు ఇసుమంత కూడా పెంచకుండా, చేతులు ఆపకుండా.

రికార్డరు నా చొక్కా జేబులో ఉంది. ఎందుకు తెచ్చానో తెలియదు. ఎప్పుడూ ఉంటుంది. బకెట్టు సగమయ్యేసరికి ధార చప్పుడు మెత్తబడింది. అక్క తిట్లు దాని మీద, మధ్య మధ్య ఊపిరి తీసుకుంటూ, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, సరిగ్గా కూర్చున్నాయి. అలాంటిది నేను ఇంతవరకూ వినలేదు.

నా చెయ్యి జేబు దాకా వెళ్ళింది. ఇది కూడా రాయాలి. వెళ్ళింది.

అక్క తల ఎత్తలేదు. అదే ధోరణిలో, తిట్లలో తిట్టుగా అంది.

"తోక పట్టుకోరా."

పట్టుకున్నాను. రెండు చేతులతో.